కొండలు కావు, గుంటలు

మేడ మీద తాండ్ర పోయాలన్నా, ఒడియాలు పెట్టాలన్నా ఆ వీధి ఆడవాళ్లు ఆకాశం వంక చూసేవాళ్లు కాదు. నవీన మొహం వంక చూసేవాళ్లు. పొద్దున ఆమె ఆఫీసుకని స్కూటీ బయటికి తీస్తుంటే ఎదురింటావిడ గేటు దాకా వచ్చి, "ఏం నవీనా, ఈ పొద్దు మనసు బాగుండాదా?" అని అడిగేది. బాగుందంటే చాపలు మేడెక్కేవి. కాస్త మొహం ముడుచుకుని ఉంటే పిండి గిన్నె తిరిగి ఫ్రిజ్‌లోకి పోయేది.

నవీనకు కోపం వస్తే నీడలు తిరుగుతాయి. పొద్దు తూర్పున ఉంటే పడమటికి పడాల్సిన నీడ లేచి తూర్పుకు పోయి పడుకుంటుంది. ఎండలో ఆరుతున్న ఒడియాలు పిట్టగోడ నీడలోకి వస్తాయి. బస్టాపులో నీడన నిలబడ్డవాళ్లు ఉన్నట్టుండి ఎండలో పడతారు. కోపం దిగాక ఎక్కడివక్కడికి వచ్చేస్తాయి. పాకాలలో ఆమె తల్లి రుక్మిణమ్మకూ ఇంతే. ఈ సంగతి పెళ్లిచూపుల్లోనే దాచకుండా చెప్పారు. పెళ్లికొడుకు తల్లి వసంతమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "నీడలే గదా తిరిగేది, మనుషులు కాదు గదా" అని తాంబూలాలు మార్చుకుంది.

అందులో ఉన్న అన్యాయం మాత్రం ఒక్కరికీ పట్టలేదు. మిగతా ఆడవాళ్లు కోపం వస్తే గిన్నె విసిరికొడతారు, తలుపు ధడాల్న వేస్తారు, కాసేపటికి ఆ మాట అందరూ మరిచిపోతారు. నవీనకు ఆ వెసులుబాటు లేదు. బళ్లో చెట్టు కింద పాఠం జరుగుతుంటే టీచరు, "పిల్లలంతా నీడలో ఉండారు, నువ్వు కోపం తెచ్చుకోవద్దు" అనేది. పెళ్లిలో ఫొటోగ్రాఫరు, "మేడం, కొంచెం శాంతంగా ఉండండి, లైటింగ్ చెడిపోతా ఉండాది" అన్నాడు. ఊరందరి నీడా ఈమె చేతిలో పెట్టి, ఇక నోరెత్తవద్దన్నారు. ఆమె కూడా నోరు కట్టుకునే పెరిగింది. మర్యాద తెలిసిన పిల్ల అని పేరొచ్చింది. ఆ పేరును తలుచుకుంటే ఈ కథ చెప్పేవాళ్లకే ఒళ్లు మండుతుంది.

ఇక ఆమె ఉద్యోగం. జియాలజీ చదివి, డాక్టరేటు చేసి, రేణిగుంట రోడ్డులో ఒక ఆఫీసులో చేరింది. కింద టైర్ల షాపు, పైన రెండంతస్తుల్లో వీళ్లు. చంద్రుడి చుట్టూ తిరిగే నౌకలు పంపే ఫొటోలు ఆ ఆఫీసుకు వస్తాయి. వీళ్లు వాటిని చూసి ఏది కొండో, ఏది గుంటో, ఏది ఎప్పుడో ప్రవహించి గడ్డకట్టిన లావానో, ఏ బండరాయి ఏ గట్టు మీంచి దొర్లిందో గుర్తుపెట్టి పటాలు తయారుచేసి పంపాలి. చంద్రుడి మీద గాలీ వానా లేవు కాబట్టి, రాయి దొర్లిన జాడ లక్షల ఏళ్లు అట్లాగే ఉండిపోతుంది. ఆ జాడలు చూస్తుంటే నవీనకు టైము తెలిసేది కాదు.

ఆ పనిలో ఒక చిక్కుంది. ఫొటోలో ఎత్తూ ఉండదు, లోతూ ఉండదు. వెలుగూ నీడా, అంతే. మన కన్నేమో వెలుగెప్పుడూ పైనుంచే పడుతుందని నమ్ముతుంది, పుట్టినప్పటి నుంచీ సూర్యుణ్ణి నెత్తిమీద చూసిన అలవాటు. ఫొటోలో వెలుగు కింది వైపునుంచి పడితే ఆ కన్ను ఘోరంగా మోసపోతుంది. గుంటను చూసి కొండ అంటుంది, కొండను చూసి గుంట అంటుంది. ఎంత చదువుకున్నవాడి కన్నయినా సరే. అందుకే ఆ ఆఫీసులో ఒక నియమం ఉండేది. ఫొటో తీసిన వేళకు సూర్యుడు ఏ పక్కన ఉన్నాడో ముందు తేల్చి, మూలన పసుపు రంగు బాణం వేసి, వెలుగు పైనుంచి పడేలా ఫొటో తిప్పి, ఆ తర్వాతే దాని గురించి మాట్లాడాలి. కొత్తగా చేరినవాళ్లకు ఈ పాఠం చెప్పేది ఆఫీసు పెద్ద మోహన్. నవీనకు చెప్పిందీ ఆయనే.

దేశవిదేశాల యూనివర్సిటీలు కొన్ని కలిసి చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర ఒక చిన్న యంత్రాన్ని దించాలనుకున్నాయి. యంత్రానికి పలకల మీద ఎండ పడితేనే ప్రాణం. ధ్రువం దగ్గర సూర్యుడు నెత్తిమీదికి రాడు, గట్టు మీద పాకినట్టు అంచునే తిరుగుతాడు. అక్కడ ఎత్తు మీద దిగితే చాలాకాలం ఎండ, పల్లంలో దిగితే చీకటి. ఎత్తులు కొలిచే పరికరం ఆ ఫొటోలు పంపే నౌక మీద ముందే చెడిపోయింది. ఫొటోలే ఆధారం. ఎక్కడ దించాలో చెప్పే బాధ్యత మోహన్ ఆఫీసుకు అప్పగించారు.

ఒకరోజు విలేకరులు వస్తున్నారని మోహన్ ఒక ఫొటోను ముస్తాబు చేయించాడు. అందులో ఏటవాలుగా ఉన్న గుండ్రటి ఆకారాల వరసను తిప్పి అడ్డంగా పెట్టించాడు. అందంగా రావడానికి మూలలు కత్తిరించాడు. ఆ మూలనే బాణం ఉండేది, అది పోయింది. హాల్లో పెద్ద తెర మీద ఫొటో వేశారు. ఒకదాని పక్కన ఒకటి గుండ్రంగా, నున్నగా, మన ఊర్లో నిలబడి ఉత్తరానికి చూస్తే కొండలు కనిపించినట్టే కనిపించాయి. ఎవరో లెక్కపెట్టారు. ఏడు. వెనకనుంచి ఎవరో "గోవిందా" అన్నారు. తిరుపతిలో ఒకరు ఆ మాటంటే పక్కవాళ్లు ఊరకుంటారా, హాలు హాలంతా "గోవిందా, గోవింద" అంది. నవీన కూడా అలవాటు కొద్దీ అనేసింది. అన్న తర్వాత ఫొటో చూసింది.

మర్నాడు పొద్దున పత్రికల్లో చంద్రుడి మీద ఏడుకొండలంటూ వచ్చింది. చివరి కొండ మీద చదునుగా ఉందని, యంత్రాన్ని అక్కడే దించుతామని మోహన్ చెప్పినట్టు రాశారు. నవీన ఆ పొద్దున అందరికన్నా ముందు ఆఫీసుకొచ్చి, కాఫీ పక్కన పెట్టుకుని, కత్తిరించని ఫొటో తెరిచింది. మనసు చల్లగా ఉంది. గ్లాసు నీడ పడాల్సిన వైపే పడింది. సూర్యుడి లెక్క మళ్లీ కట్టింది. విలేకరులకు చూపించిన ఫొటోలో వెలుగు కిందనుంచి పడుతోంది. తిప్పి చూస్తే ఏడు కొండలూ ఏడు గుంటలయ్యాయి. ఎప్పుడో ఏదో తోకచుక్క ముక్కలై, ఒక్కో ముక్కా వరసగా వచ్చి గుద్దుకుంటే పడ్డ గుంటలు. మోహన్ యంత్రాన్ని దించుతానన్న చదును ఏడో గుంట అడుగు.

ఆమె నేరుగా మోహన్ గదిలోకి వెళ్లింది.

"సార్, అవి కొండలు కావు. గుంటలు. ఫొటో తిప్పినప్పుడు వెలుగు కిందికి వచ్చేసింది. ఆడ దించితే మిషన్ చీకట్లో పడతాది."

మోహన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మెత్తగా నవ్వాడు. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అదే ఆయనలో చెడ్డ గుణం.

"అట్లనా. ఇది చూసేటప్పుడు నీ మనసెట్ల ఉన్నింది నవీనా?"

"నా మనసుతో పనేముండాది సార్? బాణం చూడండి."

"బాణం వేసింది కూడా నువ్వే గదమ్మా."

"లెక్క నాది కాదు గదా. ఎవరు కట్టినా అదే వస్తాది. మీరే కట్టండి."

"ఊరంతా సంతోషంగా ఉండాది. స్వామి కొండల్ని పట్టుకుని గుంటలనడానికి నీకు నోరెట్ల వచ్చింది?"

"స్వామికి అబద్ధం కొండలెందుకు సార్? ఉన్న ఏడూ చాలవా ఆయనకు?"

మోహన్ కళ్లజోడు పెట్టుకున్నాడు. "మీటింగులో పెడదాంలే. అందరి ముందరా చెబుదువు" అన్నాడు. నవీన అది న్యాయమే అనుకుంది. ఎంత తెలివైనవాళ్లయినా కొన్నిసార్లు ఇట్లాగే మోసపోతారు.

మీటింగుకు ఆఫీసు మొత్తం వచ్చింది. యూనివర్సిటీల వాళ్లు ఫోన్ లైనులోనూ, పక్క తెర మీదా ఉన్నారు. పెద్ద తెర మీద మోహన్ తిప్పిన ఫొటోనే ఉంది, ఏడుకొండలతో. కిటికీలోంచి వచ్చే ఎండలో అందరి నీడలూ గోడ వైపు పడి ఉన్నాయి. నవీన లేచి నిలబడి, ముందు అసలు ఫొటో తెరవమంది.

"తెరుద్దాం. దానికి ముందు ఒక్క మాట" అన్నాడు మోహన్, లైనులో ఉన్నవాళ్లకూ వినపడేలా. "మా నవీనకు కోపమొస్తే నీడలు తిరుగుతాయి. అది మీకందరికీ తెలుసు. మేమంతా ఆమెను అభిమానంగానే చూస్తాం. కానీ ఫొటో చదవడమంటే నీడను చదవడం. అందుకని అడుగుతా ఉండాను. నవీనా, ఇంట్లో అంతా బాగుండాదా? రూపేష్ బాగా చూసుకుంటా ఉండాడా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఇంకో ఇద్దరికి అంటుకుంది. మొగుడి పేరు మీటింగులోకి ఎందుకొచ్చిందో నవీనకు అర్థమయ్యేలోపే కోపం లేచింది. మింగాలనుకుంది. చిన్నప్పటినుంచీ మింగినట్టే మింగాలనుకుంది. కుదరలేదు. గోడ వైపున్న నీడలన్నీ కిటికీ వైపుకు తిరిగాయి. తెర మీద ఫొటోలో నీడలు కూడా తిరిగాయి. ఏడు కొండలూ లోపలికి పోయి ఏడు గుంటలయ్యాయి.

"అదో, చూడండి" అన్నాడు మోహన్, ఇంకా మెత్తగా. "ఆమెకు కనిపించింది ఇదే. తప్పు ఆమెది కాదు, పాపం."

అందరూ తలలూపారు. తెర మీద ఉన్నది నిజం. ఆమె కళ్ల ముందు, వాళ్ల కళ్ల ముందు, నిజం నిలబడి ఉంది. ఆమెకు కోపం వచ్చింది కాబట్టి అది అబద్ధమైపోయింది. ఆమె ఎంత గట్టిగా చెబితే అంత అబద్ధం అవుతుంది. మోహన్ తన గొంతు పెంచకుండా, ఒక్క చెడ్డ మాట అనకుండా ఈ పని చేశాడు. అట్లాంటివాళ్లకు లోకం పెద్దమనిషి అని పేరు పెడుతుంది.

రూపశ్రీ అని ఆఫీసులో ఇంకో అమ్మాయి ఉంది, నవీన దగ్గరే పని నేర్చుకుంది. మీటింగు అయ్యాక చేతులు కడుక్కునే చోట పక్కన నిలబడి, "అక్కా, గుంటలే. నేను కూడా లెక్క కట్టినాను" అంది.

"మరి అప్పుడు నోరు తెరవలేదే?"

"నువ్వు చెప్తేనే విన్లేదు గదక్కా. నేను చెప్తే ఉద్యోగం పోవడం తప్ప ఏమవుతాది?" రూపశ్రీ కొళాయి కట్టేసి వెళ్లిపోయింది. నవీనకు ఆ పిల్ల మీద కూడా కోపమొచ్చింది. వచ్చినందుకు బాధ కూడా పడింది.

ఆమె ఊరకుండలేదు. యూనివర్సిటీల వాళ్లకు లెక్కలన్నీ జతచేసి మెయిల్ పెట్టింది. మీ అధికారితో మాట్లాడాం, మీ ఇబ్బంది అర్థమైంది, కొద్దిరోజులు విశ్రాంతి తీసుకోండి అని జవాబొచ్చింది. ఆ వారంలోనే ఆమెను పటాల పనిలోంచి తీసేసి పాత ఫొటోలకు పేర్లు పెట్టే పనిలో వేశారు. కూర్చోవడానికి కిటికీ లేని గది ఇచ్చారు. ఆ గదిలో ఎంత కోపమొచ్చినా తిరగడానికి నీడంటూ ఉండాలి కదా. ఏడో గుంట మీద, అది గుంటని తెలిసేలా ఆమె వేసిన ఎర్ర గుర్తును పటంలోంచి తుడిచేశారని కొన్నాళ్లకు తెలిసింది.

ఇంట్లో రూపేష్ మంచివాడే. "పోనీలే నవీనా, మిషన్ పోతే పోతాది, మనదేం పోయింది?" అన్నాడు. ఏం పోయిందో ఎట్లా చెప్పాలో ఆమెకు తెలియలేదు. కోట్ల ఏళ్లుగా ఆ గుంటలు అక్కడ ఉన్నాయి, వాటిని ఉన్నవి ఉన్నట్టు చూసి చెప్పింది తనొక్కతే, ఆ చూపును పిచ్చిదాని చూపుగా జమకట్టేశారు. పోయింది అదీ. వసంతమ్మ మాత్రం కోడలికి మజ్జిగ ఇచ్చి, "శాంతంగా ఉండమ్మే. ఎదురింటోళ్లు ఒడియాలు పెట్టుకోనుండారు" అంది. నవీన మజ్జిగతో పాటు కోపాన్నీ తాగింది. నెలలు గడిచేకొద్దీ ఆ కిటికీ లేని గదిలో ఆమెకు కోపం రావడం కూడా మానేసింది. వీధిలో వాళ్లు తెగ సంతోషించారు. ఆ ఏడాది తాండ్ర బాగా ఆరింది.

యంత్రం దిగే రోజు ఆఫీసులో పులిహోర పంచారు. నవీన సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. టీవీలో చూసింది. యంత్రం పటంలో చెప్పినచోటే, చెప్పినట్టే దిగింది. కాళ్లు విరగలేదు. హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు, మళ్లీ గోవింద నామం చెప్పారు. యంత్రం మొదటి ఫొటో పంపింది. ఫొటో అంతా నలుపు. పైన మాత్రం చుట్టూ తిరిగి ఒక సన్నని తెల్లటి అంచు, ఎండ తగిలిన గట్టు. బావిలో పడ్డవాడు తలెత్తి చూస్తే కనిపించేది అదే. చిన్నపిల్లను పిలిచి అడిగినా చెబుతుంది. మోహన్ మాత్రం కెమెరాలో ఏదో లోపమన్నాడు.

కెమెరాలో లోపం లేదు. పలకల మీద ఎండ పడలేదు. బ్యాటరీ దిగిపోతూ ఉంది, సాయంత్రం దాకా కూడా నిలవదన్నారు.

మధ్యాహ్నం రూపశ్రీ ఫోన్ చేసింది. "అక్కా, సార్ లైనులో వాళ్లతో ఏమన్నాడో తెలుసా? గుంటలు గుర్తుపెట్టాల్సింది నవీన సెక్షనంట. నీ మనసు బాగలేక గుర్తు పెట్టకుండా వదిలేసినావంట."

నవీన ముందున్న గ్లాసు నీడ కొంచెం కదిలి, మళ్లీ వెనక్కొచ్చింది. అంతకుమించి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు.

"ఇంకో మాట అక్కా" అంది రూపశ్రీ. "వాళ్లు సార్‌ని అడిగినారు, నీడలు తిప్పే మనిషి మీ దగ్గరే ఉంది గదా, ఆమెకు కోపమొస్తే ఫొటోలో నీడలే తిరిగినాయి, ఆడ గుంట గోడ నీడ కూడా అవతలికి పోతాది గదా అని. సార్ మీ ఇంటికి వస్తా ఉండాడు. నన్ను కూడా రమ్మన్నాడు."

కారు ఆగేసరికి నవీన వరండాలో చాట ముందు పెట్టుకుని చింతపండులో గింజలు తీస్తోంది. మోహన్ చెప్పులు బయటే వదిలి, చేతులు జోడించి వచ్చాడు. రూపశ్రీ వెనకాల నిలబడింది. ఆమె చేతిలో ఫోన్ ఉంది, యూనివర్సిటీల వాళ్ల లైను తెరిచే ఉంది. వసంతమ్మ కుర్చీ వేసి, లోపలికి వెళ్లి కాఫీ కలుపుకొచ్చింది.

"నవీనా, నువ్వే కాపాడల్ల" అన్నాడు మోహన్. "కొంచెం కోపం తెచ్చుకోమ్మా."

నవీన తలెత్తి చూసింది. ఇన్నేళ్లలో ఆ మాట ఆమెను ఒక్కరూ అడగలేదు. నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆమెకే నచ్చలేదు.

"రావడంలేదు సార్."

"ప్రయత్నం చెయ్యమ్మా. ఎంతమంది కష్టం ఆ మిషను!"

"మీరంతా కలిసి పోగొట్టినారు గదా. ఇప్పుడు యాడినుంచి తెచ్చేది?"

మోహన్ చుట్టూ చూశాడు. పాపం, తిట్టడం అలవాటు లేని మనిషి. గొంతు సవరించుకుని, "నువ్వు... నువ్వు దేనికీ పనికిరావు. నీకు పని రాదు" అన్నాడు. కుర్చీ నీడ కదల్లేదు.

కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ వసంతమ్మకు మాత్రం ఎక్కడో తగిలింది. "ఏమప్పా, మా ఇంట్లో కూర్చోని మా కోడల్నే తిడతావా?"

"లేదమ్మా, ఇది ఆఫీసు పని. కోపం తెప్పించడానికి."

"తెప్పించేదానికి తిట్టే పనేముండాది? నిన్ను చూస్తేనే నాకొస్తా ఉండాది" అని ఆమె కాఫీ గ్లాసు ఆయన ముందు టక్కున పెట్టింది.

ఫోన్లోంచి ఎవరిదో గొంతు ఇంగ్లీషులో, బ్యాటరీ ఇంకా దిగిందని చెప్పింది. నవీన చింతగింజ పక్కన పడేసి, చేతులు తుడుచుకుంది.

"ఒక పని చెయ్యండి సార్. అసలు ఫొటో తెరిచి, బాణం వెయ్యండి. అవి గుంటలని, గుర్తు తుడిపించింది మీరేనని, లైనులో వాళ్లు వినేటట్టు మీ నోటితో చెప్పండి. అప్పుడు నా మనసు కదుల్తాదేమో చూద్దాం. ఇప్పుడైతే బండ మాదిరి ఉండాది."

మోహన్ మొహంలో ఆ పాత మెత్తని నవ్వు వచ్చింది. భయంలో కూడా, అంత తొందరలో కూడా, అది వచ్చింది.

"అదంతా తర్వాత చూసుకుందాంలేమ్మా. ఎవరు చెప్పినారు, ఎవరు తుడిపినారు, ఇప్పుడు ముఖ్యమా చెప్పు? మనమంతా ఒకటే గదా."

నవీన చేయి చాట మీద ఆగిపోయింది.

"ముఖ్యమా?" అంది.

గొంతు పెద్దగా లేదు. కానీ రూపశ్రీ ఒక అడుగు వెనక్కి వేసింది.

"ముఖ్యమా సార్? పొద్దున్నే వచ్చి, చల్లగా కూర్చోని చూసినాను. గుంట అన్నాను. నా మొగుడు నన్ను బాగా చూసుకుంటా ఉండాడా అని అడిగినారు. వందమంది ముందర అడిగినారు. కిటికీ లేని గదిలో కూర్చోబెట్టినారు. నా గుర్తు తుడిచినారు. తుడిచి, అది నేను పెట్టలేదన్నారు. ఎవరు చెప్పినారనేది ఆ పొద్దు మీకు ముఖ్యమే గదా? నేను చెప్పినాననే గదా మీరు వినంది?"

చాట నీడ తిరిగింది. కుర్చీ నీడ, వరండా స్తంభాల నీడలు, గేటు నీడ తిరిగాయి. వీధిలో కరెంటు స్తంభాల నీడలూ మేడల నీడలూ వరసగా తిరిగాయి. ఎదురింటావిడ మేడ మీదికి పరిగెత్తి చాప ఇటునుంచి అటు లాక్కుంది. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. బస్టాపులో వాళ్లు సంచులు తీసుకుని రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్లి నిలబడ్డారు. అక్కడితో ఆగలేదు. ఉత్తరాన కొండల నీడ కూడా వెనక్కి తిరిగి కొండ మీదికే ఎక్కింది. నవీన మింగలేదు. బళ్లో చెట్టు కింద మింగింది, పెళ్లిపీటల మీద మింగింది, మజ్జిగతో తాగింది, అంతా పైకొస్తుంటే రానిచ్చింది. కళ్లలో నీళ్లొచ్చాయి. అవి ఏడుపు నీళ్లు కావు.

ఫోన్లో ఒక్కసారిగా అరుపులు. రూపశ్రీ చెవికి పెట్టుకుని విని, "ఎండ పడింది" అంది. "పలకల మీద ఎండ పడిందంట. గుంట గోడ నీడ అవతలికి పోయిందంట. బ్యాటరీ ఎక్కతా ఉండాది."

మోహన్ కుర్చీలోంచి లేచాడు. గుండెల మీద చెయ్యి పెట్టుకున్నాడు. "చాలా థాంక్సమ్మా నవీనా. ఇంక శాంతించు" అన్నాడు, నోటి అలవాటు.

"సార్!" అని కేకేసింది రూపశ్రీ. "ఇప్పుడు శాంతిస్తే మళ్లీ చీకటే గదా! ఆడ పొద్దు కుంగేదానికి ఇంకా ఎన్నో రోజులుండాది."

ఆయన మళ్లీ కూర్చున్నాడు. ఆ మాట లోతు ఇప్పుడు తెలిసింది ఆయనకు. ఆ యంత్రం బతకాలంటే ఈమె కోపం బతకాలి. ఆయన ఆలోచన మొహం మీదే కనిపించింది. అది ఎక్కడికి పోతోందో కూడా కనిపించింది.

"చూడు నవీనా" అన్నాడు. "నేను ఒప్పుకోనని కాదు. ఒప్పుకునేవాణ్ణే. కానీ ఇప్పుడు నిజం చెప్పేస్తే నీ కోపం దిగిపోతాది. దిగిపోతే మిషను పోతాది. కాబట్టి దేశం కోసమైనా, ఇప్పుడు నేను చెప్పకుండా ఉండడమే..."

"చెప్పండి సార్" అంది నవీన.

"దిగిపోతాదమ్మా."

"మీరొక మాటంటే దిగిపోయే కోపమనుకున్నారా ఇది? భయపడొద్దండి. శానా ఉండాది. ఆడ పొద్దు కుంగినా మిగులుతాది. చెప్పండి."

రూపశ్రీ ఫోన్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. "నేను కూడా లెక్క కట్టినాను సార్. అప్పుడు చెప్పలేదు. మీరు చెప్పినాక నేను చెప్తాను" అంది.

తప్పించుకోవడానికి ఆయనకు ఇంకేమీ మిగల్లేదు. ఫోన్లో అసలు ఫొటో తెరిచాడు. వేలితో బాణం వేశాడు. ఎన్నో ఏళ్లు కొత్తవాళ్లకు నేర్పిన బాణం, తనే వంకరగా వేశాడు. తర్వాత ఇంగ్లీషులో చెప్పాడు. అవి గుంటలని చెప్పాడు. డాక్టర్ నవీన ముందే చూసి చెప్పిందని, గుర్తు తనే తుడిపించానని, ఆమె మనసు గురించి తను అన్నదంతా అన్యాయమని చెప్పాడు.

"తెలుగులో కూడా చెప్పప్పా" అంది వసంతమ్మ, కోడలి పక్కన వచ్చి నిలబడి. "మా ఇంట్లో కూర్చోని మాకు అర్థంకాకుండా చెప్తే ఎట్ల?"

మోహన్ తలెత్తి ఆవిణ్ణి చూశాడు, నవీనను చూశాడు.

"గుంటలమ్మా" అన్నాడు. "కొండలు కావు. మీ కోడలు చెప్పింది నిజం. నేను అబద్ధం చెప్పినాను."

అందరూ ముందు నవీన వంక, తర్వాత నేల వంక చూశారు. నీడలు తిరిగినచోటే ఉన్నాయి.